నోటిదాకా వచ్చిన మాట

స్విచ్ వేయగానే పెట్టెలో ఫ్యాను తిరిగింది. ముందు ఆకుపచ్చ దీపం వెలిగింది. లోపలినుంచి ఒక్క కూత వినబడింది. ఒక్క కూత అంటే అంతా క్షేమమని. ప్రయోగశాల గుర్తు తెరమీద క్షణంపాటు మెరిసింది. ఆ తర్వాత నలుపు.

పైడిరాజు ఆ నలుపు వంక చూస్తూ కాసేపు అలాగే కూర్చున్నాడు. ఇంకా ఉదయం పది కాలేదు. అప్పుడే ఒక రోజంతా పనిచేసి వచ్చినట్టు వాలిపోయి ఉన్నాయి అతని భుజాలు.

"పందొమ్మిది రోజులండి ఇలాగే," అంది వెనకనుంచి శ్యామల. చేతిలో గరిటె అలాగే ఉంది. "రోజూ పొద్దున్నే ఏస్తన్నాను. దీపం ఎలుగుద్ది, కూత ఏస్తది, పడుకుంటది. మాయమ్మ ఒక్క మాట చెప్పి పందొమ్మిది రోజులు."

అమ్మ, అంటే బంగారమ్మ, కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంది. మర్రిపాలెం మెయిన్ రోడ్డు మీద పాతికేళ్లు కర్రీ పాయింటు నడిపిన మనిషి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మెడ కిందిదంతా తీసుకుపోయింది, నోరు కూడా తీసుకుపోయింది. కనురెప్పలు మాత్రం వదిలేసింది. చెవులు వింటాయి, కళ్లు చూస్తాయి, బుర్ర ఎప్పట్లాగే చురుగ్గా ఉంది. ఆమె చెవుల వెనకనుంచి తలచుట్టూ ఒక పల్చటి పట్టీ ఉంది. దాని తీగ బల్లమీది పెట్టెలోకి వెళుతుంది.

ఆ పెట్టెను ఇంట్లోవాళ్లు మాటల పెట్టె అంటారు. మనిషి మాట్లాడబోయే ముందు మెదడు గొంతుకూ నాలుకకూ ఒక హుకుం పంపుతుంది. గొంతు పడిపోయినా హుకుం పడిపోదు. పట్టీ ఆ హుకుంను దారిలోనే పట్టుకుంటుంది, పెట్టె దాన్ని తెలుగు అక్షరాలు చేసి తెరమీద పెడుతుంది. ప్రయోగశాల కనిపెట్టింది ఇంతే. ఇలాంటి పెట్టెలు ఊళ్లో పదకొండు ఇళ్లలో ఉన్నాయి. పదకొండింటినీ బిగించిందీ, బాగుచేసేదీ పైడిరాజే.

అతను తన పద్ధతి ప్రకారం మొదలుపెట్టాడు. తెర తీగ పీకి మళ్లీ గుచ్చాడు. సెల్‌ఫోను దీపం ఏటవాలుగా తెరమీద వేసి చూశాడు. తెరవెనక దీపాలు పోతే బొమ్మ పొగలా కనిపిస్తుంది. ఏమీ లేదు. రెండు చేతులూ కళ్లకు అటూ ఇటూ గంతలా పెట్టుకుని దగ్గరగా చూశాడు. చచ్చిన తెర బొగ్గులా ఉంటుంది. ఇది బొగ్గులా లేదు, చాలా లోతునుంచి ఒక బూడిదరంగు వెలుతురుంది. అంటే తెర బతికే ఉంది, నలుపునే చూపిస్తోంది. అది అతనికి కనిపించింది గానీ, దాని గురించి ఆలోచించే ఓపిక అప్పుడు లేకపోయింది.

పెట్టె విప్పాడు. ర్యామ్ పలక లాగి, జేబులోంచి పెన్సిల్ రబ్బరు తీసి, దాని బంగారు పళ్లను మెల్లగా రుద్దసాగాడు. ఇలా చేయమని ఏ పుస్తకంలోనూ ఉండదు. చేయని మెకానిక్కూ ఉండడు.

"అదేటండీ, పిల్లకాయల రబ్బరెట్టి రుద్దుతన్నారు?"

"సగం రోగాలు దీనికే పోతాయమ్మా."

"మిగతా సగం?"

"ఆపి మళ్లీ వేస్తే పోతాయి."

శ్యామల నవ్వింది. వెంటనే తల్లివైపు చూసి నవ్వు ఆపేసింది. బంగారమ్మ అతన్నే చూస్తోంది, రెప్ప కూడా వేయకుండా.

గుండీ బ్యాటరీ మార్చాడు. ఫ్యాను రెక్కల మీది దుమ్ము, దుమ్ములో కలిసిన పోపు జిడ్డు తుడిచాడు. మళ్లీ స్విచ్ వేశాడు. దీపం, కూత, గుర్తు, నలుపు.

"ల్యాబుకి తీసుకెళతాను. పెట్టె ఒక్కటి చాలు. తెర ఇక్కడే ఉండనీ."

"శుక్రారంలోపు ఇచ్చేస్తారు కదండీ? డాక్టరమ్మగారు ఢిల్లీ వోళ్లని మా ఇంటికే తీసుకొత్తానన్నారు."

"ఇచ్చేస్తాను," అన్నాడు పైడిరాజు. చెప్పి చెప్పి అతనికి అలవాటైన మాట.

*

ఆటోలో పెట్టెను ఒళ్లో పెట్టుకుని వెళుతుంటే అతనికి దీన్ని బిగించిన రోజు గుర్తొచ్చింది.

మూడు నెలల కిందట. ఉదయం తొమ్మిదీ ఇరవై నుంచి తొమ్మిదీ నలభై రెండు దాకా ముహూర్తం. పంతులుగారు పెట్టి వెళ్లారు. ఆ లోపల అమ్మ మొదటి మాట తెరమీద పడాలి. పొయ్యిమీద పాలు పెట్టారు, పెట్టెకు దండ వేశారు, పసుపు రాశారు. చుట్టాలంతా చేరారు. తొమ్మిదీ ముప్పై ఎనిమిది అయినా తెర తెల్లగానే ఉంది.

బలహీనమైన హుకుంలను పెట్టె పట్టించుకోకుండా వదిలేసే మట్టం ఒకటుంటుంది. ఆ మట్టానికి పైనున్నదే మాట, కిందున్నది వట్టి ఆలోచన. బంగారమ్మ మాటలు దాన్ని దాటి రాలేకపోతున్నాయి. అసలైతే దాన్ని రెండు వారాలపాటు కొద్దికొద్దిగా సర్దాలి. "టైమైపోతందండీ, ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి" అని శ్యామల ఏడుపు గొంతుతో అంది. గడియారం చూసి పైడిరాజు ఆ మట్టాన్ని ఒక్కసారిగా అడుగుదాకా దించేశాడు.

తొమ్మిదీ నలభై ఒకటికి తెరమీద అక్షరాలు పడ్డాయి: "పాలు మాడిపోతన్నాయి."

అందరూ వంటింట్లోకి పరిగెత్తారు. నిజంగానే మాడుతున్నాయి. అందరూ ఒకేసారి నవ్వారు, ఏడ్చారు. శ్యామల కుంకుమ తెచ్చి తెరకు ఎర్రగా, గుండ్రంగా బొట్టుపెట్టింది. ఆ తర్వాత పైడిరాజు ఆ మట్టాన్ని మళ్లీ పైకి ఎత్తాలని చూశాడు. ఎత్తితే ఒక్క మాటా రాదు. ఆమెకు మాట్లాడిన మాట, మాట్లాడకుండా మింగేసిన మాట, రెండూ ఒకే బలంతో వస్తున్నాయి. మనకు ఆ రెంటి మధ్య ఒక గొంతు ఉంది. ఆమెకది లేదు. అతను దాన్ని అలాగే వదిలేసి వచ్చాడు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పైగా ఆ పదకొండు పెట్టెల్లో ఎక్కువ మాట్లాడేది బంగారమ్మ పెట్టే అయింది. రోజుకు తొమ్మిదివేల మాటలు. ప్రయోగశాల నడిపే డాక్టర్ ఇందుమతి ఆ లెక్క చూసి పిల్లలా చప్పట్లు కొట్టింది.

ల్యాబులో పెట్టెకు వేరే తెర తగిలించి, పరీక్షకోసం ఉంచిన పాత రికార్డు ఆడించాడు. చక్కగా పనిచేసింది. మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ పనిచేసింది. ప్రతి మెకానిక్కూ తన జీవితంలో ఎక్కువసార్లు పలికి, ఎక్కువసార్లు తిట్లు తినే మాట ఒకటుంది: "మా దగ్గర బాగానే ఉందే."

"పెట్టె బాగుంటే సిగ్నలే పోయినట్టు," అంది ఇందుమతి. చెడ్డ మనిషి కాదు. తన తండ్రి ఆఖరి ఏడాదంతా ఏదో చెప్పబోయి, చెప్పలేకుండానే చనిపోయాడు. అప్పట్నుంచీ ఆమెకు మూసుకున్న నోరంటే భయం. "అది అలా మెల్లగా తగ్గిపోవచ్చు రాజూ. అయితే పట్టీతో లాభం లేదు. మెదడు లోపలికి తీగ పెట్టాలి. సర్జన్‌తో మాట్లాడాను కూడా. శుక్రవారం పెట్టెను చూడవచ్చే ఢిల్లీ కమిటీ ముందు తెర వెలిగినా మాట రాకపోతే, అదే రోజు ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించుకుందాం."

"తీగకి అన్నీ అందుతాయా మేడం?"

"గొంతుదాకా రానివి కూడా," అంది ఆమె, మంచి వార్త చెబుతున్నట్టు.

*

ఆ సాయంత్రం ఇంట్లో అతని భార్య రత్నం చపాతీలు చేస్తోంది. అతను చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, వంటింటి గుమ్మం దగ్గర ఉన్న ముక్కాలి పీట మీద కూర్చున్నాడు.

"ఏటి, అలా ఉన్నారు?"

"ఏం లేదు."

ఆమె మళ్లీ అడగలేదు. రెండేళ్లుగా అడగడం లేదు. రత్నం వాళ్లమ్మ పోయిన రోజు అతను గాజువాకలో ఒక పెట్టె బిగిస్తున్నాడు. "గంటలో వస్తాను" అన్నాడు. తీరా వెళ్లేసరికి అంతా అయిపోయి, వాకిలి కడుగుతున్నారు. రత్నం ఏమీ అనలేదు. అతను చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చింది. ఇంటినిండా జనం ఉన్నారు, తర్వాత చెప్పవచ్చులే అనుకున్నాడు. తర్వాత అన్నది రోజులు గడిచేకొద్దీ గట్టిపడింది. ఇప్పుడు దాన్ని కదిలించాలంటే గునపం కావాలి.

పక్కపక్కన కూర్చుని ఇద్దరూ తిన్నారు.

*

బుధవారం పెట్టె మళ్లీ మర్రిపాలెం వచ్చింది. దీపం, కూత, గుర్తు, నలుపు.

"మా దగ్గర బాగానే..." అని మొదలుపెట్టి పైడిరాజు ఆపేశాడు. లోపల మధ్యాహ్నం కూరలు ఉడుకుతున్నాయి, శ్యామల వెళ్లిపోయింది.

ఇక మిగిలింది పట్టీ ఒక్కటే. అతను దాన్ని బంగారమ్మ తలమీదినుంచి జాగ్రత్తగా తీసి, తన తలకు కట్టుకున్నాడు. పదకొండు ఇళ్లలో బిగించినా, ఇంతవరకూ తాను ఎన్నడూ కట్టుకోలేదు. ఎందుకు కట్టుకోలేదో కూడా ఎన్నడూ ఆలోచించలేదు.

నల్ల తెర చటుక్కున తెల్లబడింది. అక్షరాలు పడసాగాయి.

"పనిచేస్తోంది. పట్టీ బాగుంది. ఆకలేస్తోంది. గోంగూర వాసన. కేబుల్ మార్చక్కర్లేదు. ఇంటికెళ్లాలని లేదు. ఇంటికెళ్లాలని లేదు. రత్నం అడగదు. అడిగితే చెప్పేస్తానని అడగదు. గంటలో వస్తానన్నాను."

పట్టీని లాగి పడేశాడు. చెవులు కాలిపోతున్నాయి. ఆ అక్షరాలు తెరమీద అలాగే ఉన్నాయి. గదిలో ఎవరూ లేరు, బంగారమ్మ తప్ప.

ఆమెకు తెర కనిపించదని అతనికి అప్పుడు తట్టింది. ముహూర్తం రోజున తెరను చుట్టాలు కూర్చునే వైపుకు తిప్పి పెట్టారు. వాకిట్లో శ్యామల దగ్గర కూరలు కొనేవాళ్లకూ కనిపించేలా. మాట్లాడే మనిషికి తన మాట కనిపించాలని ఎవరికీ తోచలేదు. మూడు నెలలుగా ఆమె తన మాటలను ఎదుటివాళ్ల ముఖాల్లోనే చదువుకుంది. ఇప్పుడు అతని ముఖంలో చదువుతోంది.

పైడిరాజు తెరను రెండు చేతులా పట్టుకుని ఆమె వైపుకు తిప్పాడు.

"చదవండమ్మా. ఇవి నావి."

ఆమె కళ్లు అక్షరాల వెంట మెల్లగా కదిలాయి. ఆఖరి వరుస దగ్గర ఆగాయి. కింది రెప్పలు ముడతలు పడ్డాయి. అది నవ్వో, జాలో అతనికి తెలియలేదు. చాలాకాలంగా ఎవరూ తనను అలా చూడలేదని మాత్రం తెలిసింది.

పట్టీ తిరిగి ఆమెకు కట్టాడు. తెర నల్లబడింది.

అతను తన ల్యాప్‌టాప్‌ను పెట్టెకు తగిలించి, పెట్టె రాసుకునే దినచర్య తెరిచాడు. పందొమ్మిది రోజులుగా, గంటగంటకూ ఒకటే వరుస: మనిషి నిద్రలో ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. తెర దించాను.

రోగి నిద్రపోతే వెలుతురు కళ్లలో కొట్టకుండా తెర నల్లగా మారాలన్న నియమం పెట్టింది అతనే. రెండు గుర్తులు కలిస్తేనే అది నిద్ర: లోపల మాటలు ఆగిపోవాలి, కెమెరాకు కళ్లు మూసుకున్నట్టు కనిపించాలి. బంగారమ్మ కళ్లు తెరుచుకునే ఉన్నాయి. కెమెరాకేమైంది?

తెర పైఅంచున, సరిగ్గా మధ్యలో, పక్కనున్న కుర్చీదాకా చూడగల ఆవగింజంత కెమెరా ఉండాలి. అక్కడ కుంకుమబొట్టు ఉంది. మనిషికి నుదురెక్కడో తెరకు కెమెరా అక్కడ. శ్యామల ముహూర్తంనాడు బొట్టు పెట్టడమే కాదు, ప్రతి శుక్రవారం దానిమీద మళ్లీ పెడుతూ వచ్చింది. పదమూడు శుక్రవారాల కుంకుమ గట్టిగా పేరుకుపోయింది. పెట్టె మొదటిరోజు నుంచీ గుడ్డిది. మాటలు ఆగకుండా వస్తున్నంతకాలం ఆ సంగతి బయటపడలేదు.

బొటనవేలు తడిచేసుకుని బొట్టుమీద పెట్టాడు. ఒక్క తుడుపు చాలు, తెర వెలుగుతుంది. ఊరంతా మెచ్చుకునే మరమ్మతు. వేలు అక్కడే ఆగిపోయింది.

గుడ్డికళ్ల సంగతి సరే. మొదటి గుర్తు? లోపల మాటలు ఎలా ఆగాయి? మేలుకుని ఉన్న మనిషికి లోపలి మాట ఆగదు. అతను తనలో ప్రయత్నించి చూశాడు. ఎంతసేపు ఉండగలడో లెక్కపెడదామనుకున్నాడు. లెక్కపెట్టడమే మాటలని గుర్తొచ్చి మానేశాడు.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "పెట్టె పాడవలేదు కదా. మీరే కదా?"

తెర చాలాసేపు నల్లగానే ఉంది. తర్వాత వెలిగింది.

"తలుపు దగ్గరికేసి రా బాబూ."

అతను లేచి వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఇన్ని రోజులు లోపల మాట లేకుండా ఎలా ఉన్నారమ్మా?"

"వంట సేస్తన్నాను."

"వంటా?"

"సేతికి మాటలక్కర్లేదు. ఉల్లిపాయ కోస్తాను. నూని కాగనిస్తాను. ఆవాలు పేలతాయి. మాట రాబోతే ఇంగువ ఏస్తాను. పోతది. గోడమీద ఎలుగు ఆరిపోతది. అప్పుడు తెలిసింది, ఆరిపోతే ఎవలూ సదవలేరని. నీ సొక్కా సెమట కంపు. సూసావా. ఇదీ. ఇది నాను అనాలనుకోలేదు."

పైడిరాజు నవ్వాడు. చొక్కా నిజంగానే కంపుకొడుతోంది.

"మొదట్లో అందరూ నవ్వేవోరు. ఆ రైల్వే ఆయన కూరకొచ్చి, పిసినారి అని నా మాట సదివి మళ్లీ రాలేదు. పోన్లే. శ్యామల నాకు నీళ్లు పోసి తుడుస్తంది. దీని సెయ్యి మొరటు, పెద్దదుంటే బాగుణ్ణు అని పడింది. నా పెద్దకూతురు ఏడాదికొకసారి కూడా రాదు. ఇది సదివింది. ఏటీ అన్లేదు. తువ్వాలు ఆరేసి ఎల్లిపోయింది."

"మీరు అలా అనుకోలేదని చెప్పకపోయారా?"

"అనుకున్నాను. నిజమే బాబూ. అయితే నానది అన్లేదు."

వంటింట్లోంచి గిన్నె మూత చప్పుడు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా పాడైన వాటిని బాగుచేస్తూ వచ్చాడు. బాగున్నదానివల్ల ఒక మనిషి ఇంత నలిగిపోవడం ఇదే మొదలు. ఆ గొంతును మూడు నెలల కిందట నాలుగు నిమిషాల తొందరలో తీసేసింది తనే.

"మీకొకటి చెప్పాలమ్మా. తెర వెలిగాక కూడా మాట రాకపోతే, శుక్రవారం శ్యామల చేత సంతకం పెట్టించుకుంటారు. తలలోపల తీగ పెడతారు."

"ఆ తీగకి వంట కూడా తెలిసిపోద్దా?"

"తెలిసిపోతుందమ్మా."

తెర నల్లబడింది. ఈసారి ఆమె కళ్లు నిజంగానే మూసుకుంది. ఒక కంటి కొననుంచి నీరు చెవిదాకా జారింది. తుడుచుకోలేని మనిషి కాబట్టి అతనే తుడిచాడు. తన చెయ్యీ మొరటే.

అప్పుడు పని మొదలుపెట్టాడు. సంచిలోంచి తన పాత సెల్‌ఫోను తీశాడు. అద్దం పగిలింది గానీ పనిచేస్తుంది. దాన్ని తీగతో పెట్టెకు కలిపి, చక్రాల కుర్చీ చేతికి, ఆమె కళ్లెదుట, ఆమెకు మాత్రమే కనిపించేలా కట్టాడు. పెద్ద తెరను మళ్లీ గదివైపు తిప్పాడు. తడిబట్టతో కుంకుమ తుడిచాడు. పదమూడు వారాల ఎరుపు, గోరుతో గీకాల్సి వచ్చింది. కింద చిన్న నల్లకన్ను బయటపడింది. తర్వాత రెండు గంటలు వంచిన తల ఎత్తకుండా పెట్టెకు కొత్త నియమం రాశాడు.

"ఇది మీ గొంతమ్మా," అన్నాడు చివరికి ఫోను చూపించి. "మీ మాట ముందు ఇక్కడ పడుతుంది, పెద్ద తెర నల్లగానే ఉంటుంది. కుడికన్ను మూస్తే పెద్ద తెరమీదికి వెళుతుంది. ఎడమకన్ను మూస్తే చెరిగిపోతుంది. చెరిగింది ఎక్కడా మిగలదు. ల్యాబుకీ రాదు, నాకూ తెలియదు."

తలుపు తీసి శ్యామలను పిలిచాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బాగయింది. కానీ ఇకమీదట తెర నల్లగా ఉంటే పాడైందని నాకు ఫోను చేయకండి."

"మరి నల్లగా ఉంటే ఏటనుకోవాలండి?"

"అమ్మ మాట్లాడటం లేదనుకోండి."

"అంటే... కోపమొచ్చిందా?"

"అదేం కాదు. మనమంతా మాట్లాడకుండా ఉండమా, అలా."

శ్యామల తల్లి ఎదుటికి వచ్చి, సరిగ్గా కళ్లలోకి చూస్తూ నిలబడింది. అలా చూసి చాలా రోజులై ఉంటుంది. ఇన్నాళ్లూ అందరూ తెరనే చూశారు. కుర్చీ పక్కన వంగి తీగ సర్దుతున్న పైడిరాజుకు చిన్న ఫోను కనిపించింది. దానిమీద ఒక వరుస పడింది: "మళ్లీ ఆ మొరటు సేతులే." అతను వెంటనే చూపు తిప్పుకున్నాడు. మళ్లీ చూసేసరికి అది లేదు. బంగారమ్మ ఎడమకన్ను తెరుచుకుంటోంది. కాసేపటికి కుడికన్ను గట్టిగా మూసుకుంది. పెద్ద తెరమీద పెద్ద అక్షరాలు పడ్డాయి.

"అన్నం తిన్నావేటే?"

శ్యామల తినలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది.

*

శుక్రవారం మధ్యాహ్నం కమిటీవాళ్లు నలుగురు ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఇందుమతి పట్టుచీర కట్టుకుని వచ్చింది. రోజుకు తొమ్మిదివేల మాటలు మాట్లాడిన రోగి అని పరిచయం చేసింది. ఒకాయన తెలుగులోనే, ప్రేమగానే అడిగాడు:

"అమ్మా, ఈ పెట్టె వచ్చాక మీకెలా ఉంది?"

దీపం వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. తెర నల్లగా ఉంది.

ఒక నిమిషం. రెండు. ఎవరో దగ్గారు. ఇందుమతి ముఖంలో, తండ్రి మంచం పక్కన కూర్చున్ననాటి భయం ఒక్క క్షణం కనిపించి పోయింది. గోడ పక్కన నిలబడ్డ పైడిరాజుకు బంగారమ్మ ఎడమ రెప్ప కనిపిస్తోంది. అది మూసుకుంటోంది, తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎన్ని మాటలు చెరిపేస్తోందో లెక్కపెట్టకుండా అతను కిటికీలోంచి రోడ్డు చూశాడు.

ఇరవై నిమిషాల తర్వాత కమిటీ టీ తాగి లేచింది. ఇందుమతి బ్యాగులోంచి కాగితాలు తీస్తుంటే, ఆ సంగతి తల్లి తెరమీద ముందే చదివిన శ్యామల అడగకముందే అంది:

"తీగ కాయితం మీద నాను సంతకం పెట్టనండి. మాయమ్మకి తెలివుంది. ఆవిడ్నే అడగండి. కుడికన్ను మూస్తే అప్పుడు చూద్దాం."

ఇందుమతి అడిగింది. బంగారమ్మ ఎడమకన్ను మూసింది. తొందరేమీ లేకుండా తెరిచింది.

వాకిట్లో, కారు దగ్గర, ఇందుమతి గొంతు తగ్గించి అడిగింది. కోపంకన్నా అలసటే ఎక్కువుంది ఆ గొంతులో.

"రికార్డు ఎందుకు ఖాళీగా ఉంది రాజూ? మెషిన్‌కి ఏమైంది?"

"మెషిన్ బాగానే ఉంది మేడం."

"మరి?"

"ఆవిడ మాట్లాడలేదు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "సోమవారం నా గదికి రా," అంది. సోమవారం ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. కారు వెళ్లిపోయింది. పైడిరాజు లోపలికి వచ్చి తన రబ్బరు, టార్చి, మేకుల డబ్బా సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక గోడమీద వెలుగు పడింది. తిరిగి చూశాడు.

"గంట దాటిపోయింది బాబూ. ఎల్లు."

*

ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. రత్నం మేడమీద ఆరిన బట్టలు తీసి మడతపెడుతోంది. ఈ వేళప్పుడు అతన్ని చూసి చేతిలో దుప్పటితో అలాగే ఆగిపోయింది.

"ఏటి? ఒంట్లో బాలేదా?"

"ఏం లేదు," అన్నాడు అలవాటుగా.

ఆమె తల ఊపి దుప్పటి మడతపెట్టబోయింది. పైడిరాజు దాని రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా దుప్పటి గాలికి కొంచెం ఊగింది. మాట నోటిదాకా వచ్చింది. రెండేళ్ల కిందట ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. తనకు గొంతుంది. చెప్పడానికైనా, మింగడానికైనా.

"ఉంది," అన్నాడు. "మీ అమ్మ పోయిన రోజు గురించి. ఎలా చెప్పాలో తెలీడం లేదు. కాస్త ఆగు."

రత్నం చేతిలోని కొస వదలకుండా, పిట్టగోడకు ఆనుకుని, అతన్ని చూస్తూ ఆగింది.